కుక్కలు నీళ్ల మీద నడిచిన ఆ ఫొటో: అసలు సంగతి ఏమిటి?

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 9:12

మా పాప ఎనిమిదో తరగతి. బడిలో వాతావరణ మార్పు మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఏ తుపాను గురించో రాస్తుందనుకున్నాను. ఎక్కడ దొరికిందో గానీ, స్లెడ్జి బండి లాగుతున్న కుక్కలు నీళ్ల మీద నడుస్తున్న ఫొటో పట్టుకొచ్చి "నాన్నా, దీని గురించే రాస్తాను" అంది. చుట్టూ నీలం నీళ్లు, వెనక కొండలు, ఎక్కడా నేల లేదు. మా బంధువుల వాట్సాప్ గుంపులో ఇదే ఫొటో "ఉత్తర ధ్రువం కరిగిపోయింది, కుక్కలు ఈదుతున్నాయి" అంటూ రెండుసార్లు తిరిగింది.

నేను చదువుకున్నప్పుడు ఈ విషయం మీద పాఠంలో ఒకే ఒక్క పేరా ఉండేది. ఎస్కిమోలు మంచు ఇళ్లలో ఉంటారు, సీలు మాంసం తింటారు, తోలు బట్టలు కట్టుకుంటారు. రెండు మార్కుల ప్రశ్న. పాప అడిగేవాటికి ఆ రెండు మార్కుల చదువు సరిపోవడం లేదు. ఫొటో నిజమేనా? అక్కడివాళ్లు ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

లోలకం | ఆదివారం, ఉదయం 10:05

ఫొటో నిజమే. దాని కింద జనం రాసుకున్న రాత తప్పు.

2019 జూన్ 13న, వాయవ్య గ్రీన్‌లాండ్‌లో కానాక్ ఊరికి దగ్గరగా ఒక సముద్రపు పాయలో తీసింది అది. తీసినాయన స్టెఫెన్ ఓల్సెన్, డెన్మార్క్ వాతావరణ సంస్థలో శాస్త్రవేత్త. సముద్రంలో దింపిన పరికరాలను వెనక్కి తెచ్చుకోవడానికి స్థానిక వేటగాళ్ల బండ్ల మీద వెళ్లారు. కుక్కల కాళ్ల కింద ఉన్నది ఒట్టి సముద్రం కాదు. సుమారు 1.2 మీటర్ల మందాన గడ్డకట్టిన సముద్రం, దాని మీద నిలిచిన కరుగునీరు. ముందు రోజు కానాక్‌లో 17 డిగ్రీలు దాటింది. పైనున్న మంచు ఒక్కసారిగా కరిగింది. కింది గడ్డకు పగుళ్లూ కన్నాలూ పెద్దగా లేవు కాబట్టి నీరు దిగిపోయే దారి లేదు. డాబా తూము మూసుకుపోయినప్పుడు వాననీరు నిలుస్తుంది చూశారా, అదే.

అంటే ఆ కుక్కలు నడిచింది గట్టి చోటనే. నిజంగా ముంచే చోటు ఫొటోకు ఇంత అందంగా పడదు. పైన తెల్లటి మంచు కప్పుకుని, నిన్నటి దారిలాగే కనిపిస్తుంది.

నాలుగోరోడ్డు | ఆదివారం, ఉదయం 10:31

ఫొటో సంగతి సరే. నాకు ఎప్పటినుంచో ఒక సందేహం. అంత చలిలో, అంత ప్రమాదంలో అక్కడే ఉండడం దేనికి? వాళ్లలో కొందరున్న కెనడా పెద్ద దేశం, డబ్బున్న దేశం. దక్షిణానికి వచ్చేస్తే సరిపోదా? ముంపు గ్రామాల వాళ్లను మన దగ్గర ఖాళీ చేయించలేదా?

పాతపుస్తకం | ఆదివారం, ఉదయం 10:40

ముంపు గ్రామాల వాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారో ఒకసారి వెళ్లి చూసి వచ్చి, తర్వాత ఈ ప్రశ్న మళ్లీ అడగండి.

ఉత్తరపుకిటికీ | ఆదివారం, మధ్యాహ్నం 1:48

ఇకాలుయిట్ నుంచి రాస్తున్నాను. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతానికి రాజధాని, ఏడున్నర వేల జనాభా ఉన్న ఊరు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఖాతాల పని చేస్తున్నాను. నేను ఇన్యూట్ మనిషిని (మీ పాఠంలోని ఎస్కిమో) కాను, వేట రాదు. పక్కింటి పెద్దాయన చూపించినంత మేరకే నాకు తెలుసని ముందే చెబుతున్నాను.

నాలుగోరోడ్డు గారూ, మీ పేరులోనే రోడ్డు ఉంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. నునావుట్ విస్తీర్ణం మన దేశంలో సగానికి పైగా ఉంటుంది. జనం నలభై వేల చిల్లర, ఊళ్లు 25. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డన్నది లేదు. విమానం ఉంది, దాని టికెట్టు ధర వింటే మీరు ఇండియా వచ్చి వెళ్లడమే చవక అంటారు. వేసవిలో పడవలు. చలికాలంలో గడ్డకట్టిన సముద్రం. సముద్రం గడ్డకడితే దారి మూసుకుపోతుందని వచ్చిన కొత్తలో నేనూ అనుకున్నాను. ఇక్కడ అప్పుడే దారి తెరుచుకుంటుంది. వేటకు, చేపలకు, పక్క ఊళ్లో ఉన్న అక్కను చూడడానికి అన్నిటికీ అదే. ఇబ్బందల్లా మధ్యలో వచ్చే రెండు కాలాలతో: గడ్డ కట్టీ కట్టని రోజులు, విడిపోయీ విడిపోని రోజులు. అప్పుడు పడవా పోదు, బండీ పోదు. వాతావరణం వేడెక్కి ఆ రెండూ సాగుతున్నాయి. సాగినా లెక్క తెలిస్తే సర్దుకోవచ్చు. ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది లేకపోవడమే అసలు చిక్కు.

మా అఖాతంలో పోటుకూ పాటుకూ మధ్య నీటి ఎత్తు పది మీటర్లు దాటి మారుతుంది. మూడంతస్తుల మేడంత. ఒడ్డున గడ్డ రోజుకు రెండుసార్లు లేచి, రెండుసార్లు దిగి, విరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, క్వారీ దగ్గర పారబోసిన బండల్లా ఉంటుంది. ఆ బండల మధ్య సందు చూసుకుని స్నోమొబైల్‌ను, అంటే మంచు మీద నడిచే మోటారు బండిని, అటువైపు దాటించడమే మొదటి విద్య. దాటాక చదునుగా, తెల్లగా, ఎంత దూరమైనా.

ఒకసారి నవంబరులో మా పెద్దాయన నన్ను ఒడ్డు దాకా తీసుకెళ్లారు. చేతిలో తన ఎత్తు కర్ర, దాని కొసకు ఇనుప ములుకు. నాలుగడుగులు వేస్తారు, ఎదురుగా ఒక పోటు పొడుస్తారు, ఆగి వింటారు. మళ్లీ నాలుగడుగులు. ఒక్క పోటుకే ములుకు దిగిపోతే వెనక్కి రావడమే. రెండు పోట్లు ఆగితే మనిషి నడవవచ్చు. మూడో పోటుకూ దిగకపోతే బండి గురించి ఆలోచించవచ్చు. ఇది ఆయన లెక్క. ఊరిని బట్టి, మనిషిని బట్టి లెక్క మారుతుంది. "ఇప్పుడు విన్నావా, గొంతు మారింది" అన్నారు ఒకచోట. నాకు రెండు చప్పుళ్లూ ఒకేలా వినిపించాయి. ఆయన మాత్రం అక్కడినుంచే తిరిగి వచ్చేశారు. ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే ఆయన అరవై ఏళ్లు నేర్చుకున్నారు.

తీరవాసి | ఆదివారం, సాయంత్రం 4:20

అమ్మా, మీరు "పోటు" అన్నప్పుడల్లా నాకు సముద్రపు పోటే గుర్తొస్తోంది. మాది భీమిలి దగ్గర పల్లె. తాత తెప్ప మీద పోయేవాడు, నాన్న మోటారు పడవ మీద పోయాడు, నేను బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. తాత అమావాస్యకీ పున్నమికీ సముద్రం ముఖం చూసి మరీ పడవ తీసేవాడు. వాళ్లకూ అలాంటి లెక్క ఉందా?

ఉత్తరపుకిటికీ | ఆదివారం, సాయంత్రం 5:02

ఉంది తమ్ముడూ, సరిగ్గా అదే లెక్క. ఒడ్డును అంటుకుని కదలకుండా ఉండే గడ్డను ఇక్కడి భాషలో తువాక్ అంటారు. అది ఆగిపోయి నీళ్లు మొదలయ్యే అంచు సినా. సీల్స్, వాల్‌రస్‌లు, తిమింగలాలు దొరికేది ఆ అంచు దగ్గరే. కాబట్టి మనుషులు పోవలసిందీ అక్కడికే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహం జోరు ఎక్కువ. దానికి తోడు ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి కొడితే, నిలబడిన ముక్క నిలబడినట్టే తెగి తేలిపోతుంది. అందుకే చంద్రుడి లెక్క, గాలి లెక్క రెండూ కుదిరితేనే అంచుకు వెళ్తారు. దూరాన మబ్బుల కడుపు నల్లగా కనిపిస్తే అక్కడ నీళ్లు తెరుచుకున్నాయని గుర్తు. తెల్లటి గడ్డ ఉన్న చోట మబ్బు కూడా తెల్లగానే ఉంటుంది.

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 8:15

పాప ప్రాజెక్టు కాబట్టి రెండు దిద్దుబాట్లు.

ఒకటి. "ఎస్కిమో" అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. కెనడాలో, గ్రీన్‌లాండ్‌లో దాన్ని మర్యాదగా భావించరు. ఇన్యూట్ అంటే "మనుషులు". అది బహువచనం, ఒక్కరైతే ఇనుక్. అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, రష్యా చుకోట్కా కలిపి సుమారు 1,80,000 మంది. ఇగ్లూ అంటే వాళ్ల భాషలో ఇల్లు, అంతే. చెక్క ఇల్లయినా ఇగ్లూయే. మంచు దిమ్మెలతో కట్టేది వేట ప్రయాణాల్లో, చలికాలపు మకాంకి. ఇప్పుడు అందరూ ఉండేది హీటరున్న ఇళ్లలోనే.

రెండు. ఎవరో ఒకరు వచ్చి "వాళ్లకు మంచుకు యాభై మాటలున్నాయట" అంటారు. ముందే ఆపుతున్నాను. 1911లో ఫ్రాంజ్ బోయాస్ రాసింది నాలుగు ధాతువుల గురించి. తర్వాత పత్రికలు ఏడు చేశాయి, యాభై చేశాయి, వంద చేశాయి. వాళ్ల భాషలో ఒక ధాతువుకు ప్రత్యయాలు తగిలిస్తూ పోతే మన వాక్యమంత మాట ఒక్క పదంలో వస్తుంది. అలా లెక్కపెడితే లెక్కకు అంతుండదు. నిజంగా చూడవలసింది సముద్రపు గడ్డకున్న మాటలను. కొత్తగా కట్టిన గడ్డ సికులియాక్, తెరుచుకునే పగులు ఆజురాక్, కదలని గడ్డ తువాక్. ఇవి అలంకారాలు కావు, ఎక్కడ కాలు పెట్టాలో చెప్పే మాటలు.

మన సంగతి చూడండి. పొగమంచుకూ మంచే, గడ్డి మీద బిందువుకూ మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. అదే వానకైతే చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, వడగళ్లు. దేనితో బతుకు ముడిపడితే దానికే మాటలు. ఈ చర్చ వరకైనా పైనుంచి పడేదాన్ని మంచు అని, సముద్రం గట్టిపడినదాన్ని ఐసు అని అందాం. లేకపోతే లోలకం గారు ఇప్పుడు రాయబోయేది ఎవరికీ అర్థం కాదు.

లోలకం | ఆదివారం, రాత్రి 9:30

నేను ఏమి రాయబోతున్నానో మీకెలా తెలుసండీ! అయినా ఆ తేడాతోనే మొదలుపెట్టాలి.

మంచు ఎక్కువ పడితే ఐసు మందంగా కడుతుందని అనుకుంటాం. జరిగేది తిరగబడి ఉంటుంది. మంచు దుప్పటిలాంటిది. పై చలిని కిందికి దిగనివ్వదు. తొలి వారాల్లో మంచు దట్టంగా పడితే కింది ఐసు పలచగా ఉండిపోతుంది. పైనుంచి చూస్తే తెల్లగా, నిండుగా ఉంటుంది. కింద ప్రవాహం ఉంటే అది అడుగు నుంచి కూడా కోస్తుంది.

సముద్రపు నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కాదు, దాదాపు మైనస్ 1.8 దగ్గర. గడ్డకట్టేటప్పుడు ఉప్పు లోపల చిన్నచిన్న గదుల్లో ద్రవంగా చిక్కుకుంటుంది. అందుకే లేత ఐసు చెరువు ఐసులా పెళుసుగా పటుక్కున విరగదు, కాలి కింద వంగుతుంది. అలవాటున్నవాళ్లకు ఆ వంగడమే హెచ్చరిక. ఒక వేసవి దాటి బతికిన ఐసు నుంచి ఉప్పు కిందికి కారిపోతుంది. బాగా పాతబడితే దాన్ని కరిగించి టీ కాచుకోవచ్చు. అలాంటి పాత ఐసే ఇప్పుడు తగ్గిపోతోంది. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచపు సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. 2012 సెప్టెంబరులో ఐసు విస్తీర్ణం సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలు లెక్క మొదలుపెట్టాక అదే అన్నిటికన్నా తక్కువ.

అయితే ఈ అంకె ఊళ్లో మనిషికి పనికిరాదు. ఆయనకు కావలసింది తన ఊరి ముందున్న పది కిలోమీటర్లలో ఎక్కడ ఎంత మందం అన్నది.

తీరవాసి | సోమవారం, ఉదయం 7:50

అదే అడగాలనుకున్నాను. మాకు హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉంది. ఉపగ్రహంతో నీటి వేడి, రంగు చూసి చేపలు ఎక్కడ ఉండవచ్చో చెబుతుంది, అల ఎత్తు ఎంతో చెబుతుంది. మొదట్లో నాన్న నవ్వేవాడు. తర్వాత ఆ కబురు రాసే బోర్డు చూడనిదే కదిలేవాడు కాదు, కానీ చూశాక కూడా ఒడ్డున నిలబడి ఒక బీడీ కాలేంత సేపు గాలి చూసేవాడు. వాళ్లకు బోర్డు ఎవరు పెడతారు?

లోలకం | సోమవారం, ఉదయం 9:15

వాళ్లే పెట్టుకుంటున్నారు. నేను చెప్పదలచుకున్న అసలు కథ ఇదే.

కెనడా తూర్పు కొసన లాబ్రడార్‌లో నునాట్సియావుట్ అని ఇన్యూట్ స్వపరిపాలన ప్రాంతం ఉంది. 2009-10 చలికాలం అక్కడ విపరీతంగా వెచ్చగా గడిచింది. ఐసు ఆలస్యంగా కట్టింది, పలచగా కట్టింది, తొందరగా పోయింది. తర్వాత సర్వే చేస్తే పన్నెండు మందిలో ఒకరు ఆ ఏడాది ఐసులో పడిపోయామని చెప్పారు. పన్నెండు మందిలో ఒకరు అంటే మన అపార్టుమెంటులో ఎంతమందో లెక్క వేసుకోండి. దాని నుంచి పుట్టింది స్మార్ట్‌ఐస్. మెమోరియల్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రెవర్ బెల్, అక్కడి నైన్ ఊరివాళ్లు, నునాట్సియావుట్ ప్రభుత్వం కలిసి మొదలుపెట్టారు.

పరికరాలు రెండు. ఒకటి ఐసులో నిలువుగా పాతే గొట్టం. గాలి, మంచు, ఐసు, నీరు, ఒక్కో పొరలో ఉష్ణోగ్రత ఎంతో కొలుస్తుంది. దాన్ని బట్టి ఐసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. కొలతలు ఉపగ్రహం ద్వారా వస్తాయి. రెండోది స్నోమొబైల్ వెనక కట్టుకు లాగే బండి మీద పెట్టిన విద్యుదయస్కాంత సెన్సరు. పోతూ ఉంటే కింద మందం ఎంతో తెర మీద కనిపిస్తుంది. దాన్ని నడిపేది ఆ ఊరి మనిషే. ఏ దారిన పోవాలో, ఏ మలుపు దగ్గర కొలవాలో చెప్పేది కూడా ఊరే. నునావుట్‌లోని పాండ్ ఇన్‌లెట్ ఊళ్లో దానికి పెద్దవాళ్లతో ఒక సంఘం ఉంది, పేరు సికుమియుట్, అంటే ఐసు మనుషులు. గొట్టాలను నైన్ ఊళ్లోనే అక్కడి యువకులతో తయారు చేయిస్తున్నారు. 2017లో ఐక్యరాజ్య సమితి వాతావరణ విభాగం పురస్కారం వచ్చింది, కానీ అంతకన్నా ఆ తయారీ సంగతే నాకు నచ్చింది.

ఉత్తరపుకిటికీ | సోమవారం, మధ్యాహ్నం 12:10

దీనికి ఒక ముక్క కలుపుతాను. సికూ అని ఒక యాప్ కూడా ఉంది. సికూ అంటే సముద్రపు ఐసు. హడ్సన్ బే అఖాతం ఆగ్నేయ భాగంలో సానికిలుయాక్ అనే దీవి ఊరి నుంచి నడిచే ఆర్కిటిక్ ఐడర్ సొసైటీ చేసింది, 2019లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎవరు ఎక్కడ పగులు చూశారో, ఎక్కడ సీలు దొరికిందో తమ మాటల్లోనే, తమ ఇనుక్టిటుట్ భాష పేర్లతోనే పెట్టవచ్చు. ఆ సమాచారం ఎవరు చూడాలో పెట్టినవాళ్లే నిర్ణయిస్తారు.

మా పెద్దాయన యాప్ చూస్తారు, ఉపగ్రహ చిత్రం చూస్తారు, తర్వాత కర్ర తీసుకుంటారు. తీరవాసి గారి నాన్నగారి బీడీ లాగే.

నాలుగోరోడ్డు | సోమవారం, రాత్రి 7:44

నేను మూర్ఖంగా అడిగానని అందరూ అనుకుంటున్నట్టున్నారు. ఇంకో మూర్ఖపు ప్రశ్న. స్నోమొబైల్, రైఫిల్, జీపీఎస్, ఉపగ్రహ ఫోను, ఇప్పుడు యాప్. ఇందులో సంప్రదాయం ఎక్కడుంది? కుక్కల బండ్లు వదిలేసి, పెట్రోలు బండ్లు ఎక్కి, ఐసు విరుగుతోందంటే ఎలా?

పాతపుస్తకం | సోమవారం, రాత్రి 9:02

ఈసారి ప్రశ్న మంచిదే అడిగారు. కుక్కలను ఎందుకు వదిలేశారు అన్నదాన్లో సగం చరిత్ర ఉంది.

1950లు, 60ల వరకు చాలా కుటుంబాలు వేటను బట్టి మకాం మార్చేవి. కెనడా ప్రభుత్వం బడులు, వైద్యం, భత్యాలు ఒకేచోట పెట్టి వాళ్లను ఊళ్లలో స్థిరపరిచింది. 1953లో, 1955లో అయితే కొన్ని కుటుంబాలను ఉత్తర క్వెబెక్ నుంచి రెండు వేల కిలోమీటర్లు పైకి, ముక్కూ మొహం తెలియని ఐసు మీదికి తీసుకెళ్లి దింపింది. ఇప్పటి గ్రైస్ ఫియర్డ్, రెజల్యూట్ ఊళ్లు అలా పుట్టాయి. ఊళ్లలో కుక్కలు విడిగా తిరుగుతున్నాయని పోలీసులూ అధికారులూ వేల సంఖ్యలో కాల్చేశారు. కుక్కలు పోతే వేట పోయింది, ఐసు మీద తిరిగే దారి పోయింది. నునావుట్‌లోని కికిక్తానీ ప్రాంతపు ఇన్యూట్ సంఘం సొంతంగా ఒక విచారణ కమిషన్ వేసుకుని పెద్దల సాక్ష్యాలు సేకరించింది. 2019 ఆగస్టులో కెనడా ప్రభుత్వం వాళ్లకు క్షమాపణ చెప్పింది. ఉత్తర క్వెబెక్‌లోని నునావిక్ వాళ్లకు 2024 నవంబరు దాకా ఆ మాట రాలేదు.

కాబట్టి "వదిలేసి" అన్న క్రియకు కర్త ఎవరో చూసుకుని వాడాలి.

ఉత్తరపుకిటికీ | సోమవారం, రాత్రి 11:36

నాలుగోరోడ్డు గారి మాటలో కొంత నిజం ఉంది, అది ఇక్కడివాళ్లే చెబుతారు. కుక్కకు పలచటి ఐసు తెలుస్తుంది, ఆగిపోతుంది. స్నోమొబైల్‌కు తెలియదు, బరువు కూడా ఎక్కువ. జీపీఎస్ ఇంటికి గీత గీసినట్టు తిన్నగా దారి చూపిస్తుంది, ఆ గీత ఏ ప్రవాహం మీదుగా పోతుందో దానికి పట్టదు. చీకట్లో, గాలివానలో తిన్నటి గీత నమ్ముకుని మునిగినవాళ్లున్నారు. కొందరు మళ్లీ కుక్కల్ని పెంచుతున్నారు, కానీ ఒక జట్టును ఏడాది పొడుగునా మేపాలంటే మాంసం కావాలి, మాంసానికి వేట కావాలి, వేటకు తీరిక కావాలి. ఎనిమిది నుంచి ఐదు దాకా ఉద్యోగం చేసేవాడికి శని, ఆదివారాలే ఉంటాయి. శనివారం గాలి బాగా లేకపోయినా వెళ్లాలనిపిస్తుంది. ప్రమాదాల్లో ఆ తొందర పాత్ర ఎంతో ఎవరూ మందం కొలిచే యంత్రంతో చెప్పలేరు.

సంప్రదాయం ఎక్కడుంది అన్నారు. మా పెద్దాయన స్నోమొబైల్ వెనక కట్టే కాముటిక్ అనే బండి చూపిస్తాను. రెండు పొడుగు పట్టాలు, మీద అడ్డ చెక్కలు. అడ్డ చెక్కలకు ఒక్క మేకు ఉండదు. అన్నీ తాడుతో కట్టినవే. ఎగుడుదిగుడు ఐసు మీద బండి పాములా మెలికలు తిరుగుతుంది గానీ విరగదు. మేకులు కొట్టినది మొదటి గుట్ట దగ్గరే విడిపోతుందట. ఇప్పుడు తాడు నైలాన్, ముడి మాత్రం పాతదే. ఆ ముడి నాకు మూడుసార్లు నేర్పారు. నాలుగోసారి నేర్పడం మానేసి టీ ఇచ్చారు.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 8:20

ఇదంతా పాపకు చదివి వినిపిస్తున్నాను. తను అడుగుతోంది: "అంత ప్రమాదమైతే సీలు బదులు చికెన్ కొనుక్కోవచ్చు కదా?"

ఉత్తరపుకిటికీ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

పాపను అడిగానని చెప్పండి. చికెన్ ఉంది తల్లీ, విమానంలో వస్తుంది. విమానంలో వచ్చినదానికి విమానం ధర ఉంటుంది. నునావుట్‌లో సగానికి పైగా ఇళ్లలో సరిపడా తిండి కొనుక్కోవడం కష్టం. ఒక సీలు దొరికితే నాలుగు ఇళ్లకు పంచుతారు. కాలేయం ఎవరికి, పక్కటెముకలు ఎవరికి అన్న వరస కూడా ఉంటుంది. పెద్దాయన వేట నుంచి వస్తే మా తలుపు ముందు కూడా ఒక సంచి ఉంటుంది. నేను శాకాహారినని చెప్పి తొమ్మిదేళ్లయింది, ఆయన సంచి పెడుతూనే ఉన్నారు. దాన్ని నేను మా ఆఫీసు అమ్మాయికి ఇస్తాను, వాళ్లమ్మ నాకు బెర్రీలు పంపుతుంది. ఈ తిరుగుడు చికెన్‌తో జరగదు.

నా బియ్యం, కందిపప్పు, చింతపండు వేసవిలో ఓడ మీద వస్తాయి. ఏడాదికి సరిపడా ఒకేసారి, చెక్కపెట్టెలో. అంటే నేనూ ఐసు విడిపోవడం కోసం ఎదురుచూసేదాన్నే. పెద్దాయన గట్టిపడడం కోసం, నేను కరగడం కోసం. ఇద్దరం ఒకే కిటికీలోంచి చూస్తాం.

నాలుగోరోడ్డు | మంగళవారం, రాత్రి 8:05

అయితే ఐసు తగ్గితే ఓడలు ఎక్కువ కాలం తిరుగుతాయి, సరుకులు చవకవుతాయి, గనులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి. మంచి వైపు కూడా చూడాలి కదా?

లోలకం | మంగళవారం, రాత్రి 8:50

చూస్తున్నారు, వాళ్లలోనే రెండు పక్షాలున్నాయి. పాండ్ ఇన్‌లెట్ దగ్గర మేరీ రివర్ ఇనుప గని ఉంది. ఖనిజం ఓడల్లో పోయే దారి నార్వాల్ తిమింగలాలు వేసవి గడిపే జలాల గుండా ఉంది. ఓడల చప్పుడుకు నార్వాల్‌లు తగ్గాయని వేటగాళ్లు అంటారు. ఉద్యోగాలు కావాలని అదే ఊళ్లో మరికొందరు అంటారు. గనిని విస్తరిస్తామన్నప్పుడు 2021 ఫిబ్రవరిలో కొందరు వేటగాళ్లు గని దారినీ రన్‌వేనూ అడ్డగించి కూర్చున్నారు, అదీ ఆ చలిలో. 2022 నవంబరులో కేంద్ర మంత్రి ఆ విస్తరణను తిరస్కరించారు. క్లైడ్ రివర్ అనే ఇంకో చిన్న ఊరు, సముద్రగర్భంలో చమురు కోసం శబ్ద తరంగాలతో చేసే సర్వే మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017లో గెలిచింది. తమను సరిగా సంప్రదించలేదన్నది వాళ్ల వాదన.

పాతపుస్తకం | మంగళవారం, రాత్రి 9:40

కోర్టు అంటే గుర్తొచ్చింది. 2005 డిసెంబరులో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే, మరో 62 మంది ఇన్యూట్ కలిసి అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. అమెరికా వదిలే పొగ వల్ల తమ ఐసు, తమ తిండి, తమ బతుకు పోతున్నాయని, అది మానవ హక్కుల ఉల్లంఘన అని. చలిగా ఉండే హక్కు అన్నారు. కమిషన్ ఫిర్యాదును స్వీకరించలేదు, కానీ 2007లో పిలిపించి విన్నది. చలి తగ్గాలని మొక్కుకునే దేశంలో పుట్టిన మనకు ఆ మాట మొదట వింతగా తోస్తుంది. నాకైతే రెండు రోజులు పట్టింది.

క్లైడ్ రివర్ వాళ్ల మాట ఒకటి కూడా చెప్పాలి. ఉగ్గియానాక్టుక్. బాగా తెలిసిన స్నేహితుడు ఒక్కసారిగా తెలియనివాడిలా ప్రవర్తిస్తే వాడే మాట. ఇప్పుడు వాతావరణాన్ని అంటున్నారు. తెలుగులో ఒక్క మాటలో చెప్పడానికి ప్రయత్నించాను, దొరకలేదు. ఎవరికైనా తడితే రాయండి.

తీరవాసి | మంగళవారం, రాత్రి 10:30

తాత "సముద్రం ఇవాళ మొహం చాటేసింది" అనేవాడు. సరిపోతుందో లేదో.

నాలుగోరోడ్డు | బుధవారం, ఉదయం 7:15

ఇంత చదివాక కూడా ఊరు మార్చడం తప్పని చోట్లు ఉంటాయనే అంటాను. సముద్రం ఇంట్లోకి వస్తే ఏమి చేస్తారు?

లోలకం | బుధవారం, ఉదయం 9:00

ఉన్నాయి. అలాస్కాలో షిష్మారెఫ్ అనే దీవి ఊరు, సుమారు 600 మంది ఇనుపియాట్ (అలాస్కా ఇన్యూట్) జనం. శరత్కాలపు తుపానులు వచ్చే వేళకు ఒడ్డున ఐసు కట్టి ఉండేది, అల దాని మీద విరిగి ఆగిపోయేది. ఇప్పుడు ఐసు ఆలస్యంగా వస్తుంది. అల నేరుగా ఒడ్డును కొడుతుంది. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కూడా కరిగి మెత్తబడడంతో మట్టి విరిగి పడుతోంది. తరలిపోవాలని 2002లో ఓటు వేశారు. 2016లో మళ్లీ వేశారు: అవుననేవాళ్లు 89, కాదనేవాళ్లు 78. తేడా పదకొండు ఓట్లు. గెలిచాక కూడా తరలలేదు, అంత డబ్బు ఇచ్చేవాళ్లు లేరు. మీరు మొదట అడిగిన "వచ్చేస్తే సరిపోదా"కు జవాబు ఆ 78 మందిలో కొంత ఉంది, లేని డబ్బులో కొంత ఉంది.

నాలుగోరోడ్డు | బుధవారం, ఉదయం 9:20

పదకొండు ఓట్లా. సరే.

గోదారిగట్టు | శనివారం, సాయంత్రం 6:00

ప్రాజెక్టు ఇచ్చేసింది. ఫొటో మొదటి పేజీలో అతికించి, కింద "ఈ కుక్కలు ఈదడం లేదు" అని పెద్దక్షరాలతో రాసింది. కాముటిక్ బొమ్మ వేసి, ముడుల కోసం నిజం దారం కట్టింది. టీచరు ములుకు కర్ర గురించి అడిగితే "ఒక పోటు, రెండు పోట్లు, మూడు పోట్లు" అని బల్ల మీద స్కేలుతో పొడిచి చూపించిందట. ఉత్తరపుకిటికీ గారూ, తను అడగమంది: తాతగారు ఈ ఏడు ఇంకా వెళ్లలేదా?

ఉత్తరపుకిటికీ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:12

ఆలస్యానికి మన్నించాలి, చెప్పడానికి ఏమీ లేక రాయలేదు. అఖాతం చాలా రోజులు బూడిదరంగు జావలా ఉండిపోయింది. మధ్యలో ఒకసారి కట్టింది, గాలికి విరిగింది.

ఇవాళ ఉదయం ఆయన కర్ర తీసుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూసి నేనూ బూట్లు వేసుకున్నాను. ఒడ్డు బండలు దాటాక ఆయన ముందు, నేను ఆయన అడుగుల్లోనే వెనక. మూడు పోట్లు ఆగింది. ఇంకో నాలుగడుగులు, మళ్లీ మూడు. తర్వాతి చోట రెండో పోటుకే ములుకు సర్రున దిగి, కర్ర వెంట నీళ్లు పైకి ఊరాయి. ఈసారి చప్పుడులో తేడా నాకూ వినిపించింది, వినిపించిందని చెబితే నవ్వారు. అక్కడే నిలబడి ఫ్లాస్కు తీసి టీ పోశారు. పాప అడిగిందని చెప్పాను. "వచ్చే వారం గాలి చూసి చెబుతానని చెప్పు" అన్నారు.